ఆఖరి పడవకూ స్వాగతమే

మీలో సముద్రాన్ని ఎంతమంది చూశారు? మన బాన్సువాడకు సముద్రం చాలా దూరం. మనకు తెలిసిన పెద్ద నీళ్లంటే మంజీర, నిజాంసాగర్. నేను ఈ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒక వానాకాలం సార్లు మమ్మల్ని నిజాంసాగర్ చూడటానికి తీసుకుపోయారు. నిండిన ప్రాజెక్టును చూసి "సముద్రం గూడ ఇట్లనే ఉంటదా సార్?" అని అడిగాం. "దీనికి అవతలి గట్టు ఉన్నది. దానికి ఉన్నా కండ్లకు కనపడదు" అన్నారు సారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

అవతలి గట్టు 5000 కిలోమీటర్ల దూరంలో ఉంటే? అక్కడికి తెరచాప పడవలో, గాలిని నమ్ముకుని పోవాలంటే? అలా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే పోటీలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో పాల్గొనే వారంతా పేరుమోసిన ఆటగాళ్లు కారు. టీచర్లు, డాక్టర్లు, రిటైరైన ఉద్యోగులు, పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు కూడా ఉంటారు. ఆ పోటీల గురించి, ఒడ్డున నిలబడి వారి కోసం ఎదురుచూసే జనం గురించి మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

పోటీ ఎలా మొదలైంది?

1960లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుండి అమెరికాలోని న్యూయార్క్ వరకు ఒక వింత పోటీ జరిగింది. షరతు ఒక్కటే. పడవలో ఒక్క మనిషే ఉండాలి. బ్లాండీ హాస్లర్ అనే మాజీ సైనికాధికారికి వచ్చిన ఆలోచన ఇది. మొత్తం అయిదుగురే పాల్గొన్నారు. గెలిచిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ వయసు అప్పటికి 58 ఏళ్లు. అంతకు కొన్నేళ్ల ముందే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని డాక్టర్లు చెప్పారు. అటువంటి మనిషి 40 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. చివరి పడవకు రెండు నెలలు దాటింది. కానీ అయిదుగురూ క్షేమంగా చేరారు.

మామూలు కుటుంబాలకు కూడా ఈ దారి తెరిచినవాడు జిమ్మీ కార్నెల్. సముద్రం దాటాలని ఆశ ఉండి, ఒంటరిగా పోవడానికి భయపడే వాళ్లంతా కలిసి బయలుదేరితే బాగుంటుందని ఆయన అనుకున్నాడు. 1986లో 'అట్లాంటిక్ ర్యాలీ ఫర్ క్రూజర్స్' మొదలుపెడితే మొదటి ఏడాదే 200కు పైగా పడవలు వచ్చాయి. ఇది ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గరలో ఉన్న కానరీ దీవుల్లోని లాస్ పామాస్ రేవు నుండి ఏటా నవంబరులో బయలుదేరుతుంది. 1990 నుండి దీని గమ్యం వెస్టిండీస్‌లోని సెయింట్ లూసియా దీవి. క్రికెట్ చూసే వారికి ఈ దీవి తెలిసే ఉంటుంది. వెస్టిండీస్‌కు కెప్టెన్‌గా 2012లో, 2016లో టి-20 ప్రపంచ కప్పులు గెలిపించిన డారెన్ సామీ ఆ దీవి వాడే.

దారి చూపేది గాలే

మనం సాంఘిక శాస్త్రంలో 'వ్యాపార పవనాలు' అని చదువుకున్నాం. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయిన ఆ గాలులే ఈ పడవలను నడుపుతాయి. ఉత్తరార్ధ గోళంలో అవి ఈశాన్యం నుండి నైరుతి వైపుకు వీస్తాయి. అందుకే కానరీ దీవుల నుండి బయలుదేరిన పడవలు నేరుగా పడమరకు పోకుండా ముందు కొంత దక్షిణానికి దిగుతాయి. 'వెన్న కరిగేదాకా దక్షిణానికి పో, కరిగిన తర్వాత పడమరకు తిరుగు' అని పాత నావికులు చెప్పేవారట. వెచ్చని ప్రాంతానికి చేరితే ఆ గాలి దొరికినట్టే.

మరి గాలి ఎదురుగా వస్తే ఏం చేస్తారు? ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. కానీ ఏటవాలుగా పోగలదు. కొంత దూరం కుడివైపుకు, మళ్లీ కొంత దూరం ఎడమవైపుకు తిరుగుతూ ముందుకు సాగుతుంది. బరువు బండిని గట్టు మీదికి నిటారుగా కాకుండా అడ్డంగా తిప్పుకుంటూ ఎక్కిస్తారు కదా, ఇదీ అంతే. దూరం పెరుగుతుంది గానీ గమ్యం దగ్గరవుతుంది.

పడవలో జీవితం

సముద్రంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. లాస్ పామాస్ నుండి సెయింట్ లూసియాకు సుమారు 2700 నాటికల్ మైళ్లు. చాలా పడవలకు రెండు నుండి మూడు వారాలు పడుతుంది. రాత్రయినా పడవ ఆగదు. అందుకని వంతులు వేసుకుని మేలుకుంటారు. పరీక్షల ముందు మనం ఒకరినొకరు లేపుకుని చదివినట్టే, మూడు నాలుగు గంటలు ఒకరు చుక్కాని దగ్గర కూర్చుంటే మిగిలిన వాళ్లు పడుకుంటారు. తాగునీళ్లు చూసుకుని వాడుకోవాలి. చిరిగిన తెరచాపను తామే కుట్టుకోవాలి. ప్రాణరక్షక తెప్ప, లైఫ్ జాకెట్లు, రేడియో, ప్రమాదంలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం ఉన్నాయో లేవో చూశాకే పోటీకి అనుమతిస్తారు. ధైర్యం ఒక్కటే ఉంటే సరిపోదు, సిద్ధపడి రావాలన్నది అక్కడి నియమం.

ఒడ్డున నిలబడిన జనం

ఈ పోటీల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పడవలు ఒడ్డుకు చేరే ఘట్టం. 1978లో ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో నుండి గ్వాడెలూప్ దీవికి 'రూట్ దు రమ్' పోటీ మొదటిసారి జరిగింది. 23 రోజుల ప్రయాణం తర్వాత మిషెల్ మాలినోవ్‌స్కీ పెద్ద పడవ, మైక్ బర్చ్ చిన్న పసుపుపచ్చ పడవ దాదాపు ఒకేసారి కనిపించాయి. చివరికి బర్చ్ 98 సెకన్ల తేడాతో గెలిచాడు. మహాసముద్రం దాటాక మిగిలిన తేడా రెండు నిమిషాలు కూడా లేదు!

అదే పోటీలో పేరుపొందిన ఫ్రెంచి నావికుడు అలెన్ కోలా పడవతో సహా కనిపించకుండా పోయాడు. ఒడ్డున ఎదురుచూడటం ఎంత బరువైనదో దీన్ని బట్టి తెలుస్తుంది. అక్కడ నిలబడ్డ వాళ్లు చూసేది ఎవరు గెలిచారని మాత్రమే కాదు, మనవాళ్లు వచ్చారా లేదా అని.

సెయింట్ లూసియాలో పడవలు ఒకటి తర్వాత ఒకటి చాలా రోజుల పాటు వస్తూనే ఉంటాయి. పగలైనా అర్ధరాత్రయినా పడవ గీత దాటిన సమయాన్ని రాసుకోవడానికి మనిషి ఉంటాడు. రేవులో చల్లని పానీయంతో, పళ్లతో స్వాగతం పలుకుతారు. ముందే చేరినవాళ్లు తాడు అందుకుని కట్టడానికి పరుగెత్తుకొస్తారు. పైగా ముందు వచ్చిన పడవే విజేత అని కూడా చెప్పలేం. పడవ పొడవు, బరువు, తెరచాపల విస్తీర్ణం లెక్కగట్టి సమయాన్ని సవరిస్తారు. చిన్న పడవను పెద్ద పడవతో సమానంగా తూచడం అన్యాయమని వాళ్లకు తెలుసు.

మన తెలుగు ఆడబిడ్డలు

ఇదంతా తెల్లవాళ్ల ఆట, మనకెందుకు అనుకోకండి. దాదాపు 1800 ఏళ్ల కిందట శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. ఇక మన కాలానికి వస్తే, 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుండి ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయలుదేరారు. వారిలో పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. నాయకురాలు వర్తికా జోషి. 2018 ఫిబ్రవరిలో ఫాక్‌లాండ్ దీవుల నుండి బయలుదేరి, దక్షిణ అట్లాంటిక్‌ను దాటి, మార్చి మొదట్లో కేప్‌టౌన్ చేరారు. మొత్తం 254 రోజుల తర్వాత మే 21న గోవాకు తిరిగి వచ్చినప్పుడు రక్షణ మంత్రి స్వయంగా రేవుకు వచ్చి స్వాగతం పలికారు.

అదే తారిణి 2023 జనవరిలో కేప్‌టౌన్ నుండి బ్రెజిల్‌లోని రియో వరకు జరిగే అట్లాంటిక్ పోటీలోనూ పాల్గొంది. ఆ బృందంలోని దిల్నా, రూప 2024-25లో ఇద్దరే కలిసి అదే పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు.

ఇవన్నీ చూడాలంటే గోవాకే పోనక్కరలేదు. వానాకాలంలో గాలి బాగా ఉన్నప్పుడు మన హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇండ్ల పిల్లలకు కూడా ఈ ఆట నేర్పిస్తూ వచ్చింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పోటీ చేసింది. మీరు జూలై, ఆగస్టులలో హైదరాబాద్ పోతే ఒకసారి ట్యాంక్‌బండ్ మీద ఆగి చూడండి. కాలేజీలో చేరినప్పుడు ఎన్.సి.సి. నౌకాదళ విభాగం ఉందేమో అడగండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈత నేర్పే పెద్దవాళ్లు పక్కన లేకుండా మంజీరలోగానీ, కాలువలోగానీ దిగకండి. సిద్ధపడకుండా నీళ్లలో దిగడం ధైర్యం కాదు.

చివరగా నా మాట

మా రోజుల్లో పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చేవి. నా హాల్ టికెట్ నంబరు అందులో లేదు. లెక్కల్లో పోయింది. పాసైన వాళ్లకు హాస్టల్లో మిఠాయి పంచుతుంటే నేను వెనక గోడ పక్క నుండి ఊరికి వెళ్లిపోయాను. సప్లిమెంటరీ రాసి పాసైన తర్వాత సర్టిఫికెట్ కోసం భయపడుతూ వచ్చాను. గేటు దగ్గర మా కామాటి తాత నన్ను చూసి "వచ్చినవా బిడ్డా! నువ్వు రాకుంట ఎక్కడికి పోతవని నేనంటనే ఉన్న" అని లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టించాడు. ఆ రోజు అక్కడ ఎవరూ లేకపోయి ఉంటే నేను మళ్లీ చదువు ముఖం చూసేవాడిని కాదేమో.

మన ఇండ్లలో చాలామందికి చదువు కూడా అవతలి గట్టు కనపడని నీళ్లే. ఎదురుగాలి వచ్చినప్పుడు దారి మార్చుకోండి గానీ తిరిగి పోకండి. కొందరు ముందు చేరుతారు, కొందరు ఆలస్యంగా చేరుతారు. ముందు చేరిన అన్నలు, అక్కలు, పాత విద్యార్థులు అందరికీ నా మనవి ఒక్కటే. ఫలితాల రోజున మొదటి మార్కుల వాళ్లతో ఫోటో దిగి వెళ్లిపోకండి. ఆఖరి పడవ వచ్చేదాకా కాసేపు ఒడ్డున నిలబడండి.