మొలక ధాన్యముపై పన్ను – మాల్టు వర్తకపు చరిత్ర

రాగులను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చిన పిమ్మట ఎండబెట్టి, దోరగా వేయించి పిండి చేయుట మన పల్లెలలో తల్లులకు తెలిసిన పనియే. ఆ పిండితో కాచిన జావ పలుచగా నుండును, కొంచెము తీపిగా నుండును, బిడ్డలకు తేలికగా అరుగును. ఇదియే మాల్టు. యవలతో, అనగా బార్లీతో, ఈ పనినే పెద్ద ఎత్తున చేయుట ఐరోపాలో గొప్ప వర్తకమైనది. ఆ మాల్టులో హెచ్చుభాగము బీరు కాచుటకు పోవును. మద్యపానపు మంచిచెడ్డలు ఇచ్చట ప్రస్తుతము కాదు. ఆ వర్తకము వలన సేద్యగానికి కలిగిన లాభనష్టములు మాత్రము తెలిసికొనదగినవి.

గింజలోని పిండిపదార్థము మొలకకై దాచియుంచిన తిండి. మొలక దానిని ఉన్నదున్నట్లు తినలేదు. గింజ నానగానే కొన్ని ఎంజైములు పుట్టి పిండిని చక్కెరగా మార్చుటకు సిద్ధమగును. 1833లో పాయెన్, పెర్సోజ్ అను ఫ్రెంచి రసాయనికులు మొలకెత్తిన యవల నుండి ఇట్టి పదార్థమును వేరుచేసి దానికి డయాస్టేసు అని పేరిడిరి. మాల్టు చేయువాని నేర్పంతయు మొలకను సరియైన వేళకు ఆపుటలో నున్నది. పూర్వపు పద్ధతిలో యవలను రెండు మూడు దినములు నానబెట్టి, నేలపై పరచి, వేడెక్కకుండ చెక్కపారలతో తిరుగవేయుచుండెడివారు. పొట్టు క్రింద మొలక మొన గింజ పొడవులో సుమారు ముప్పాతిక వంతు పెరుగగనే బట్టీలో ఆరబెట్టెడివారు. ఇంకను పెరుగనిచ్చినచో ఆ చక్కెరను మొలకయే తినివేయును. ఎంత జాగ్రత్తపడినను 100 మణుగుల యవలకు సుమారు 80 మణుగుల మాల్టు మాత్రమే వచ్చును.

ఇంగ్లండులో 1697లో, ఫ్రాన్సుతో జరిగిన యుద్ధపు ఖర్చుల నిమిత్తము మాల్టుపై పన్ను వేసిరి. యుద్ధము ముగిసినది గాని పన్ను ముగియలేదు. 1725లో స్కాట్లండులో దీనిని గట్టిగా వసూలు చేయబూనగా గ్లాస్గో పట్టణములో అల్లర్లు చెలరేగినవి. సర్కారు ఉద్యోగి మాల్టు కొట్టునకు వచ్చి, నానిన ధాన్యమును తొట్టిలోను, రాశిలోను కొలిచి పన్ను కట్టెడివాడు. కొలత తగ్గించుటకు ధాన్యమును త్రొక్కి గట్టిపరచినచో జరిమానా! గ్రామోద్యోగులు ఈ లెక్కలలోని చిక్కును సులభముగా ఊహింపగలరు.

ఇందు రైతునకు రెండు విధముల నష్టము. పన్ను ధాన్యపు కొలతపైనే గాని నాణ్యముపై కాదు. కావున ఒకే పన్ను చెల్లించు వర్తకుడు మేలైన గింజనే ఏరుకొనెడివాడు. తేలికనేలల రైతు యవలకు బేరము లేదు. రెండవది, తన యవలను తాను మొలకెత్తించి పశువులకు పెట్టుకొనుటకును పన్ను అడ్డు వచ్చినది. రైతుల మొర వలన 1864లో, అవిసె గింజల పిండి కలిపిన పశువుల మాల్టునకు పన్ను మినహాయించిరి. అయితే రోథాంస్టెడ్ క్షేత్రములో జాన్ బెన్నెట్ లాస్ చేసిన ప్రయోగములలో తూకమునకు తూకము మాల్టు యవల కంటె మేలని తేలలేదు. మొలకెత్తుటలో గింజ కొంత సారమును కోల్పోవును గదా! ఇన్నేండ్ల పోరాటమునకు ఇది చేదు ఫలితమే.

1880లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను ఎత్తివేసి, దానికి బదులు బీరుపై పన్ను వేసెను. రైతులు సంతసించిరి. కాని ఇకపై బీరు కాచువారు చక్కెర, మొక్కజొన్న, బియ్యము మున్నగువానిని తమ ఇచ్చవచ్చినట్లు చేర్చుకొనవచ్చును. యవలు పండించువారికి ఈ పోటీ మరియొక తలనొప్పి యైనది.

అప్పటినుండి రైతునకు మిగిలిన దారి నాణ్యమొక్కటే. డబ్లిన్ నగరపు గిన్నెస్ కంపెనీ యవల రకములను పొలములలో పోల్చి చూచుటకు పూనుకొన్నది. ఆ కంపెనీ ఉద్యోగియైన విలియం గాసెట్, కొలది నమూనాల నుండి నిజమును ఎట్లు తేల్చవలెనో 1908లో “స్టూడెంటు” అను మారుపేరుతో ప్రకటించెను. నేడు మన పరిశోధనా క్షేత్రములలో రెండు వరి రకముల దిగుబడి భేదమును నిర్ణయించుటకు వాడు “టి” పరీక్ష ఆయనదే.

మన దేశములో మాల్టు యవలు రాజస్థాన్, హర్యానా వంటి ఉత్తర రాష్ట్రములలో పండుచున్నవి. కొనువారు మొదట చూచునది గింజ ప్రాణము. 100 గింజలను నానబెట్టినచో సాధారణముగా 95కు తగ్గక మొలవవలెను. తడితో నిలువచేసినను, నూర్పిడిలో గింజ పగిలినను ఈ లెక్క పడిపోవును. పైరు ముదిరిన తరువాత నత్రజని ఎరువు వేసినచో గింజలో మాంసకృత్తులు హెచ్చి, పిండి తగ్గి, మాల్టునకు పనికిరాదు. అట్టి యవలు పశువుల దాణా ధరకే పోవును.