నవ్విస్తూ చదివించే బొమ్మల నవల

పారిశ్రామిక వాడలుగా పెరిగి ఇప్పుడు అపార్టుమెంట్లతో నిండిపోయిన ఉప్పల్, నాచారం వంటి తూర్పు హైదరాబాదు ప్రాంతాల్లో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలకు అచ్చులో కనిపించే తెలుగు చాలావరకు పాఠ్యపుస్తకానిదే. రాష్ట్రంలోని బడులు ఏ బోర్డుకు చెందినవైనా తెలుగు నేర్పి తీరాలని తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసింది. ఆ చట్టం ఎంతో అవసరమైనదే గాని, మార్కుల కోసం చదివిన పాఠం పరీక్షతో ముగిసిపోతుంది కనుక, సెలవు రోజున పిల్లలు తమంతట తాము తెలుగు పుస్తకం తెరవాలంటే అందులో వారికి కావలసింది ఏదో ఉండాలి. ఆ వయసులో వారికి అన్నిటికన్నా ముందు కావలసింది నవ్వు.

ఆ నవ్వును అందించేదే బొమ్మల హాస్య నవల. ఇందులో కథ కామిక్సులో మాదిరిగా గడులలో సాగక వచనంలోనే నడుస్తుంది. అయితే వాక్యం చెప్పకుండా వదిలిన సంగతిని పక్కనున్న బొమ్మ అందుకుని హాస్యాన్ని పూర్తి చేస్తుంది. అమెరికాలో డేవ్ పిల్కీ 1997లో మొదలుపెట్టిన కెప్టెన్ అండర్‌పాంట్స్, జెఫ్ కిన్నీ 2007లో పుస్తకంగా తెచ్చిన డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్ ఈ కోవలోనివే. ఇటువంటి తేలిక పుస్తకాలు పిల్లల బుర్ర పాడుచేస్తాయన్న భయం పెద్దల్లో ఉన్నా, ఇష్టంతో చేసే తేలిక చదువే బరువైన చదువుకు దారితీస్తుందని అమెరికన్ భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1993 నాటి తన గ్రంథంలో గట్టిగా వాదించాడు.

తెలుగుకు ఈ తరహా పుస్తకం కెప్టెన్ అండర్‌పాంట్స్ కన్నా నాలుగు దశాబ్దాల ముందే దక్కింది. మద్రాసు బడిలో స్నేహితులైన రచయిత ముళ్లపూడి వెంకటరమణ, చిత్రకారుడు బాపు కలిసి సృష్టించిన ‘బుడుగు’ 1956-57లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ధారావాహికగా, అంటే వారం వారం భాగాలుగా, వెలువడి ఆ తరవాత పుస్తకమైంది. కథ మొత్తం బుడుగు నోటి వెంటే వస్తుంది. తల్లిదండ్రులను రాధ, గోపాళం అని పేర్లతో ప్రస్తావించే ఆ పిల్లవాడు బామ్మనూ, బాబాయినీ, ప్రైవేటు చెప్పే మాస్టర్లనూ, ఇరుగుపొరుగునూ తన లెక్కల ప్రకారం కొలుస్తాడు. పెద్దల వ్యవహారాలు అతనికి సగమే అర్థమవుతాయి. మిగతా సగం పాఠకుడికి తెలుస్తుంది గనుక, చదివే పిల్లలు కథకుడి కన్నా తాము తెలివైనవాళ్లమని గ్రహించి సంతోషిస్తారు. చదవడం ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలకు ఇంతకు మించిన ప్రోత్సాహం లేదు, ఎందుకంటే నవ్వు వచ్చిందంటేనే వాక్యం అర్థమైందన్నమాట, దానికి వేరే పరీక్ష అక్కరలేదు. బాపు బొమ్మలు కొద్దిపాటి గీతలతోనే మనిషి వాలకాన్ని పట్టివ్వడం వల్ల, కష్టమైన మాట దగ్గర ఆగిన కన్ను బొమ్మను చూసి అర్థం ఊహించుకుని ముందుకు సాగగలుగుతుంది. దాదాపు ఆ కాలంలోనే ఫ్రాన్సులో గొసినీ రాయగా సాంపే బొమ్మలు వేసిన ‘ల్ పెతీ నికొలా’ కథలు పిల్లవాడి నోటనే నడిచి 1960లో పుస్తకమయ్యాయి. దూరదూరపు భాషలు రెండూ ఒకే ఉపాయాన్ని కనిపెట్టడం గమనించదగ్గది.

అయినా ‘బుడుగు’ను నేటి నాచారం పిల్లల చేతిలో పెట్టి ఊరుకుంటే చాలదు. ఆ ఇంటి వాతావరణం 1950ల నాటిది, కోస్తా నుడికారం నిండుగా ఉన్నది. పైగా బుడుగు నేస్తం సీగానపెసూనాంబ పేరు కంటితో కన్నా చెవితోనే త్వరగా నవ్విస్తుంది. అందుచేత అమ్మమ్మో నాన్నో మొదటి అధ్యాయాలను పైకి చదివి వినిపించి, బొమ్మలు చూపించి, తరవాతి భాగం పిల్లలకే వదిలిపెట్టడం మేలైన పద్ధతి.

‘బుడుగు’కు తోడుగా కొత్త నవలలూ రావాలి. ఉప్పల్ నుంచి మెట్రోలో నాలుగో స్టేషనైన తార్నాకలో ఉన్న ‘మంచి పుస్తకం’ సంస్థ పిల్లల కోసమే బొమ్మల పుస్తకాలు ప్రచురిస్తూ, ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానాతో కలిసి పోటీలు కూడా నిర్వహించింది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉన్న రోజు ట్రాఫిక్కులో చిక్కుకున్న బడి బస్సు, అపార్టుమెంటు లిఫ్టు దగ్గర పిల్లల తగాదాలు, వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే గల్లీలో కలగలిపి మాట్లాడే తెలుగు, హిందీ, ఇవన్నీ హాస్య నవలకు పుష్కలమైన సరుకు. ఆ పిల్లల మాటతీరును సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాయగల రచయిత, అతనితో సమానంగా హాస్యం పండించగల చిత్రకారుడు జతకూడితే, తూర్పు హైదరాబాదుకూ దానిదంటూ ఒక బుడుగు దొరుకుతాడు.