పాత దుప్పటితో వేసవి చొక్కా
రెండు గంటల్లో కుట్టుకునే విధానం

చొప్పదండి: ఎండాకాలంలో ఒంటిపై బట్ట ఎంత వదులుగా, ఎంత పలుచగా ఉంటే శరీరానికి అంత హాయి. ఇందుకు కొత్త బట్ట కొనవలసిన పని లేదు. చిరిగిందని మూలన పడేసిన నూలు దుప్పటి ఒక్కటి ఉంటే మహిళలకు, బాలికలకు రెండు చొక్కాలు తయారవుతాయి. పలుమార్లు ఉతికిన నూలు బట్ట మెత్తబడుతుంది. కుట్టిన తర్వాత కుదించుకుపోతుందన్న భయమూ ఉండదు.

నూలు అవునా, కాదా?

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మృత్యువాత పడ్డారు. ఎండలో శరీరం చెమట ద్వారానే చల్లబడుతుంది. నూలు చెమటను పీల్చుకుని ఆరనిస్తుంది. పాలిస్టర్ అంతగా పీల్చుకోదు, ఒంటికి అతుక్కుంటుంది. సిరిసిల్ల మరమగ్గాలపై 2017 నుంచి కొన్నేళ్ల పాటు నేసిన బతుకమ్మ చీరలు ప్రధానంగా పాలిస్టర్‌వే. ఇంట్లో ఉన్నాయి కదా అని వేసవి చొక్కాకు వాటిని వాడరాదు. అనుమానం ఉంటే ఒక దారపు పోగును పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడాలి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

కత్తిరింపు ఇలా..

60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు గల దుప్పటిలో నడిమి భాగమే ఎక్కువగా అరుగుతుంది. కాబట్టి రెండు చివరల నుంచి 30 అంగుళాల చొప్పున రెండు ముక్కలు తీసుకోవాలి. వెలుతురులో పట్టి చూసి, రెండు చేతులతో లాగినా చిరగని బట్టనే వాడాలి. ఒక్కో ముక్కను 54 అంగుళాల పొడవుకు కత్తిరించి, మిగిలిన 6 అంగుళాల పట్టీని మెడకు దాచాలి.

ముక్కను మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా మడవాలి. పై మడత భుజం, పక్క మడత చొక్కా నడిమి భాగం అవుతాయి. ఛాతీ కొలత 36 అంగుళాలైతే అందులో నాలుగో వంతు 9, వదులుకు 2, కుట్టుకు 1 కలిపి నడిమి మడత నుంచి 12 అంగుళాల వద్ద సుద్దతో గీత గీయాలి. భుజం మడత నుంచి 9 అంగుళాల కింది వరకు మాత్రం 15 అంగుళాల వెడల్పూ ఉంచితే అదే చేతి భాగం. చంక వద్ద గుండ్రంగా తిప్పి కత్తిరించాలి. మెడకు మడత నుంచి మూడున్నర అంగుళాల వెడల్పు, వెనుక 2, ముందు 6 అంగుళాల లోతు సరిపోతుంది. ముందు మెడను విడిగా, ఒక పొరపైనే కత్తిరించాలి.

కుట్టు ముఖ్యం

మిగిలిన పట్టీ నుంచి అంగుళంన్నర వెడల్పున ఐమూలగా నాలుగు ముక్కలు తీసి, అతికి మెడ చుట్టూ కుట్టాలి. నిలువు పట్టీ అయితే మెడ వంపు తిరగక ముడతలు పడుతుంది. చంక నుంచి కిందికి పక్కలు కుట్టి, అడుగున 5 అంగుళాలు చీలిక వదలాలి. చంక వంపులో కుట్టుకు తగలకుండా చిన్న గాట్లు పెడితే బట్ట గుంజదు. పాత బట్ట కాబట్టి పక్కలకు రెండు వరుసల కుట్టు, 11 నంబరు సన్న సూది మేలు.

బట్ట ఒక్కటే వడదెబ్బను ఆపదు. ఎండలో పనికి వెళ్లేవారు నీటి సీసా, తలకు తువ్వాలు మరువరాదు.