పిల్లి ఎందుకు గబగబా మింగేస్తుంది?

తెలుగువాళ్ల ఇళ్లలో ఇడ్లీ ప్లేటు ఉండకపోదు. పిల్లి తొందరకు విరుగుడు అదే! ఎలాగో చెప్పేముందు, అసలు ఆ తొందర ఎందుకో చూద్దాం.

పెద్ద పిల్లికి 30 పళ్లుంటాయి. అయినా అది మనలా నమలలేదు. దాని దవడ పైకీ కిందికే కదులుతుంది, పక్కలకు దాదాపు కదలదు. వెనక పళ్లు కత్తెరలా మాంసాన్ని ముక్కలు చేస్తాయి, ఆపైన మింగడమే. దాని పూర్వీకులైన అడవిపిల్లులు ఎలుకల్లాంటి చిన్న జీవుల్ని రోజంతా కొంచెం కొంచెంగా తినేవి. మనమేమో ఒకేసారి గిన్నె నిండా పెడతాం. పక్కన ఇంకో పిల్లి కాచుక్కూర్చుంటే ఇక చెప్పాలా? గాలితో సహా మింగిన తిండి ఒక్కోసారి అరగకుండానే బయటికొచ్చేస్తుంది.

అమ్మనడిగి పాత ఇడ్లీ ప్లేటు ఒకటి తీసుకోండి. గుంటకు నాలుగు గింజల చొప్పున క్యాట్‌ఫుడ్ వేయండి. ఒక్కో గుంటా వెతుక్కుంటూ తినాలి కాబట్టి వేగం దానంతటదే తగ్గుతుంది. మెత్తటి తిండైతే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచండి. రోజు తిండిని నాలుగైదు సార్లుగా పంచండి. రెండు పిల్లులుంటే వేర్వేరు గదుల్లో పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి కలిసినవి మాత్రం వద్దు, అవి పిల్లికి విషం.

ఇంత చేసినా తరచూ కక్కుతుంటే, బాగా తింటూనే చిక్కిపోతుంటే, పశువైద్యుడికి చూపించాలి. కడుపులో నులిపురుగులున్నా అలా జరుగుతుంది.