పికిల్‌బాల్: ఏడడుగుల గీత

పికిల్‌బాల్ ఆటను తొలిసారిగా చూచువారికి ఒక దృశ్యము వింతగా తోచును. ఆటగాడొకడు వల వైపునకు పరుగున వచ్చి, ఎదుటివారు పంపిన బంతిని నేలను తాకకముందే గాలిలో కొట్టును. బంతి అవతలి పక్షము వారికి అందక నేలపై రెండుసార్లు ఎగిరిపోవును. అతడు గెలిచినట్లే కనబడును. కాని పరుగు వేగము నాపుకొనలేక అతని పాదము ముందున్న గీతను త్రొక్కును. అంతే, ఆ రాలీ అతడు ఓడిపోయినట్లు లెక్క. బంతి ఆట ముగిసిన పిమ్మట త్రొక్కిన గీతకు దండన యేమిటి? ఇది అన్యాయము కాదా?

ఈ ప్రశ్నకు సమాధానము నియమావళిలో కంటె గణిత, భౌతికశాస్త్ర పాఠములలోనే తేటగా దొరకును. ఉన్నత పాఠశాలలో నేర్చుకొను సరూప త్రిభుజములు, న్యూటను మొదటి గమన నియమము - ఈ రెండును తెలిసిన విద్యార్థి ఈ నియమమును కంఠస్థము చేయనక్కరలేదు. అది అట్లు ఏల ఉన్నదో తానే ఆలోచించి చెప్పగలడు.

ఆట, దాని కొలతలు

పికిల్‌బాల్ 1965 వేసవిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపములో పుట్టినది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అను ముగ్గురు మిత్రులు తమ కుటుంబములలోని పిన్నలు, పెద్దలు కలిసి ఆడుకొనుటకై దీనిని కల్పించిరి. ప్రిచర్డ్ ఇంటి ఆవరణలో ఒక పాత బాడ్మింటన్ కోర్టు ఉండెను. దానిపై చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో, టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో ఆట మొదలైనది. తరువాత మెకల్లమ్ ప్లైవుడ్డుతో కొంచెము పెద్ద బ్యాట్లు తయారుచేసెను. బాడ్మింటన్ ఎత్తున కట్టిన వలను క్రిందికి దించిరి. 2022 లో వాషింగ్టన్ రాష్ట్రము దీనిని తన అధికార క్రీడగా ప్రకటించినది. ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదు మొదలగు మన నగరములలో కూడ ఈ కోర్టులు వెలసినవి.

కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. బాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతలు కూడ ఇవియే. వల ఎత్తు పక్కగీతల వద్ద 36 అంగుళములు, నడుమ 34 అంగుళములు. వలకు ఇరువైపుల, ఏడేసి అడుగుల దూరమున, వలకు సమాంతరముగా ఒక్కొక్క గీత ఉండును. వలకును ఈ గీతకును నడుమనున్న భాగమే వాలీ నిషేధ ప్రాంతము. ఆటగాళ్లు దీనిని వాడుకగా ‘కిచెన్’, అనగా వంటిల్లు, అందురు.

బంతి నేలను తాకకముందే కొట్టుటను వాలీ అందురు. ఒకసారి నేలను తాకి ఎగిరిన బంతిని కొట్టినచో అది వాలీ కాదు. నియమము యొక్క సారము ఇంతే: వాలీ కొట్టువాడు ఆ కొట్టు క్రియ ముగియువరకు వాలీ నిషేధ ప్రాంతమును తాకరాదు. గీత కూడ ఆ ప్రాంతములో చేరినదే.

గీత లేకున్న ఏమగును?

వల ఎత్తును లెక్క తేలికగుటకు మూడు అడుగులు అనుకొందము. ఆటగాడు వలకు ఒక అడుగు దూరమున నిలిచి, నాలుగు అడుగుల ఎత్తున నున్న బంతిని క్రిందికి బలముగా కొట్టినాడనుకొందము. బంతి సరళరేఖలో పోయి, వల పైఅంచును ఒరసికొని దాటినచో, ఒక అడుగు దూరములో ఒక అడుగు దిగినదన్నమాట. వల అంచునుండి నేలవరకు ఇంకను మూడు అడుగులు దిగవలెను. సరూప త్రిభుజముల ధర్మము ననుసరించి, అది వలకు అవతల మూడు అడుగుల దూరముననే నేలను తాకును. అంత నిలువుగా, అంత దగ్గరగా పడిన బంతిని తిరిగి కొట్టుట ఎవరికిని సాధ్యము కాదు.

అదే ఆటగాడు, అదే నాలుగు అడుగుల ఎత్తున, ఏడు అడుగుల దూరమునుండి కొట్టినాడనుకొందము. ఇప్పుడు ఏడు అడుగులు పోయినపుడు బంతి ఒక అడుగు మాత్రమే దిగును. మిగిలిన మూడు అడుగులు దిగుటకు అది ఇరువదియొక్క అడుగులు పోవలెను. వలకు అవతల కోర్టు పొడవు 22 అడుగులు మాత్రమే. అనగా బంతి వెనుక గీతకు ఒక అడుగు ఇవతల పడును. కొంచెము గురి తప్పినచో కోర్టు దాటిపోవును. అంత దూరము పోవు బంతిని అందుకొనుటకు ఎదుటివానికి వ్యవధి ఉండును.

దీనినే ఒక సూత్రముగా చెప్పవచ్చును. బంతి పడు దూరము, కొట్టువాడు వలనుండి నిలిచిన దూరమునకు అనులోమానుపాతములో ఉండును. దూరము ఏడు రెట్లయినచో పడు చోటును ఏడు రెట్లు దూరమగును. నిజమైన బంతి భూమ్యాకర్షణ వలన వంగి దిగును. చిల్లుల బంతి కావున గాలి నిరోధము దాని వేగమును త్వరగా తగ్గించును. కావున అది మన లెక్క కంటె కొంత ఇవతలనే పడును. అయినను దగ్గర నుండి కొట్టినవానికే లాభమెక్కువ యను సంగతి మారదు.

కాలమును గూడ లెక్కింపవలెను. ఇరుపక్షముల వారును తమ తమ గీతల వద్ద నిలిచినపుడు వారి నడుమ దూరము 14 అడుగులు. బంతి సెకండుకు 50 అడుగుల వేగముతో వచ్చినచో ఈ దూరమునకు 0.28 సెకండు పట్టును. కంటితో చూచిన దానికి చేయి కదలుటకు సామాన్యముగా 0.2 సెకండు కావలెను. అనగా కొద్దిపాటి వ్యవధి మిగులును. గీత లేక, ఇద్దరును వలకు ఒక్కొక్క అడుగు దూరమున నిలిచినచో, బంతికి పట్టు కాలము 0.04 సెకండు మాత్రమే. బంతి వచ్చుచున్నదని మెదడు గ్రహించు లోపలనే అది ముఖమును తాకును. పిన్నలు, పెద్దలు కలిసి ఆడవలెనని కల్పించిన ఆటలో ఇది నైపుణ్యము కాజాలదు, ప్రమాదము మాత్రమే.

నేలను తాకిన బంతికి అనుమతి ఏల?

చాలమంది క్రొత్తవారు ఈ ప్రాంతములో అడుగు పెట్టుటయే తప్పని భ్రమింతురు. అది సరి కాదు. వాలీ కొట్టనంత కాలము ఎప్పుడైనను లోపలికి పోవచ్చును, ఎంతసేపైనను అచ్చట నిలువవచ్చును. లోపల పడి ఎగిరిన బంతిని లోపల నిలిచియే కొట్టవచ్చును. ఈ సంగతి తెలియక, వల దగ్గర మెల్లగా పడిన బంతిని చూచుచు నిలిచిపోయి పాయింట్లు పోగొట్టుకొనువారు పెక్కుమంది.

నేలను తాకిన బంతికి ఈ మినహాయింపు ఊరక ఇచ్చినది కాదు. పోటీలకు తగిన బంతిని 78 అంగుళముల ఎత్తునుండి నల్లరాతి పలకపై జారవిడిచినచో అది 30 నుండి 34 అంగుళముల వరకు మాత్రమే ఎగురవలెనని నిబంధన కలదు. అనగా పడిన ఎత్తులో సగము కూడ ఎగురదు. ఈ లెక్కన, వల అంచు ఎత్తునుండి, అనగా 36 అంగుళములనుండి పడిన బంతి సుమారు 14 నుండి 16 అంగుళములే లేచును. అది వల ఎత్తులో సగము కంటె తక్కువ. అట్టి బంతిని క్రిందికి బాదుట కుదరదు. పైకి ఎత్తియే వల దాటింపవలెను. నేల ఆ బంతి బలమును ముందే తీసివేసినది కావున, దానిని కొట్టువానిని దూరముగా నిలువుమని చెప్పవలసిన అవసరము లేదు.

ఈ కారణముననే నేర్పరులు బంతిని ఎదుటివారి నిషేధ ప్రాంతములో మెల్లగా పడునట్లు పంపుదురు. దీనిని డింక్ అందురు. బలము గలవాడు కూడ అట్టి బంతిని మెల్లగానే తిరిగి పంపవలసి వచ్చును. ఓర్పు, గురి ఉన్నవారు బలవంతునితో సమముగా ఆడగలుగుట ఈ గీత పుణ్యమే.

శరీరము ఆగు వరకు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బంతిని కొట్టిన పిమ్మట గీతను త్రొక్కుట తప్పెట్లగును?

కదలుచున్న వస్తువు, దానిపై బాహ్యబలము పనిచేయనంత వరకు, అదే వేగముతో సరళరేఖలో కదలుచునే యుండునని న్యూటను మొదటి నియమము చెప్పుచున్నది. 60 కిలోగ్రాముల ఆటగాడు సెకండుకు 3 మీటర్ల వేగముతో వచ్చుచున్నాడనుకొందము. అతని ద్రవ్యవేగము సెకండుకు 180 కిలోగ్రాము మీటర్లు. 25 గ్రాముల బంతి సెకండుకు 15 మీటర్ల వేగముతో వచ్చి అంతే వేగముతో వెనుకకు మరలినచో, దాని ద్రవ్యవేగములో కలుగు మార్పు 0.75 మాత్రమే. ఇది అతని ద్రవ్యవేగములో 240వ వంతు. కావున బంతిని కొట్టుట అతనిని ఏమాత్రము ఆపదు. అతనిని ఆపగలది పాదములకు, నేలకు నడుమనున్న ఘర్షణ ఒక్కటే.

ఘర్షణ గుణకమును 0.6 గా తీసికొన్నచో, వేగము సెకండుకు సుమారు 6 మీటర్ల చొప్పున తగ్గును. ఆగుటకు అర సెకండు పట్టును. ఆ లోపల శరీరము 75 సెంటీమీటర్లు, అనగా సుమారు రెండున్నర అడుగులు ముందునకు పోవును. వేగము సగమైనచో ఆగు దూరము సగము కాదు, నాలుగవ వంతు, అనగా సుమారు 19 సెంటీమీటర్లు మాత్రమే. ఆటగాడు కొట్టుటకు ముందే పరుగును తగ్గించుకొనవలెనని శిక్షకులు చెప్పుటకు కారణమిదే.

ఈ అర సెకండులో బంతి ఆట ముగిసిపోవచ్చును. కాని కొట్టిన క్రియ ముగియలేదు. దాని వేగము శరీరములో ఇంకను మిగిలియున్నది. అందుచేత, బంతి ఆట ముగిసినను, ఆ వేగముతో పోయి గీతను త్రొక్కినచో తప్పేయని నియమము నిర్ణయించినది. ఈ షరతు లేనిచో గీత వ్యర్థమగును. ఆటగాడు గీత వెనుకనుండి ఎగిరి, 0.4 సెకండు గాలిలో నున్నచో, అదే వేగముతో 1.2 మీటర్లు, సుమారు నాలుగు అడుగులు ముందునకు పోవును. దిగబోవు క్షణమున కొట్టినచో వలకు మూడు అడుగుల దూరమునుండి కొట్టినట్లగును. ఇందాకటి లెక్కలో 21 అడుగుల దూరమున పడు బంతి 9 అడుగుల దూరముననే పడును. నియమము మూసిన తలుపు దొడ్డిదారిన తెరచుకొన్నట్లగును.

మరికొన్ని సంగతులు

ఈ మూలసూత్రమును పట్టుకొన్నచో మిగిలిన నియమములు తేలికగా బోధపడును. కొట్టినపుడు చేతినుండి జారిన బ్యాటు గాని, తలనుండి ఊడిన టోపీ గాని ఆ ప్రాంతములో పడినను తప్పే. అవియును అదే వేగముతో పోయినవి. వాలీ కొట్టిన ఊపులో లోపల నిలిచిన జతగానిని తాకినను తప్పే. లోపల నిలిచినవాడు అచ్చటినుండి పైకి ఎగిరి గాలిలో బంతిని కొట్టరాదు. వాలీ కొట్టవలెనన్న ముందుగా రెండు పాదములును ప్రాంతమునకు వెలుపల నేలను తాకవలెను.

అయితే ఆ ప్రాంతము నేలమీదిదే. దానిపైనున్న గాలి అందులో చేరదు. గీత వెనుక నిలకడగా నిలిచి, చేయి చాచి లోపలి బంతిని గాలిలో కొట్టవచ్చును. అది పక్కగీతల వద్ద ముగియును. కావున కోర్టు వెలుపలికి పోయి, వల పక్కన నిలిచి వాలీ కొట్టుట తప్పు కాదు. సర్వీసు మాత్రము ఆ ప్రాంతమును, దాని గీతను దాటి పడవలెను. గీతపై పడినను చెల్లదు.

పాఠశాలలో ప్రయోగము

బాడ్మింటన్ కోర్టు ఉన్న పాఠశాలలో దీనిని చూపుట సులభము. అచ్చటి చిన్న సర్వీసు గీత వలకు ఆరున్నర అడుగుల దూరమున ఉండును. దానికి ఆరు అంగుళములు వెనుకగా సున్నముతో మరియొక గీత గీసినచో అదే ఏడడుగుల గీత. మూడు అడుగుల ఎత్తున ఒక త్రాడు కట్టవలెను. ఒక విద్యార్థి త్రాటికి ఒక అడుగు దూరమున, నాలుగు అడుగుల ఎత్తున ఒక దారము కొనను పట్టుకొనవలెను. మరియొకడు దారమును త్రాటికి తగులునట్లు బిగువుగా లాగి, నేలను తాకు చోట గుర్తు పెట్టవలెను. తరువాత మొదటివాడు త్రాటికి ఏడు అడుగుల దూరమునకు వెనుకకు పోయి అట్లే చేయవలెను. మూడు అడుగుల వద్ద నున్న గుర్తు ఇరువదియొక్క అడుగులకు జరుగుట పిల్లలు కన్నులార చూతురు.

సామాన్యముగా ఆడు ఆటలలో తీర్పరి ఉండడు. గీతను త్రొక్కినది లేనిది ఆటగాని పాదమునకే ముందుగా తెలియును. తన తప్పును తానే చెప్పుట ఈ ఆటలో ధర్మము. కారణము తెలియనివానికి ఆ గీత అన్యాయపు దండనగా తోచును. చూడనివారు లేనపుడు దాచుకొనవలెననియు తోచవచ్చును. కారణము తెలిసినవానికి ఆ గీత ఎదుటివాని కంటిని, తన ఆట గౌరవమును కూడ కాపాడు హద్దుగా కనబడును. అట్టివాడు గెలిచిన రాలీని కూడ ‘నా కాలు తగిలినది’ అని చెప్పి వదలుకొనగలడు.