దొంగ కనిపించాడు, బిడ్డ ఏదీ?

మొన్న సిద్దిపేటలో మా ఇంట్లో 2023 నాటి కెనడా టీవీ సీరియల్ ‘లిటిల్ బర్డ్’ ఆరు భాగాలూ చూశాను. 1968లో ఐదేళ్ల ఆదివాసీ పాపను అధికారులు లాక్కెళ్లి, వేరే ఇంటికి దత్తత ఇచ్చేస్తారు. పెద్దయ్యాక ఆమె కన్నవాళ్లను వెతుక్కుంటుంది.

ఇలాంటి కథ మనకూ ఉందండోయ్! ఎరుకల వంటి తెగలపై ‘నేరస్థ జాతులు’ అని ముద్ర వేశారు. వాళ్ల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం 1911 చట్టం సర్కారుకిచ్చింది. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ రోజులదే. 1952లో చట్టం పోయింది. ముద్ర పోయిందా?

1991లో చిరంజీవి ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. రెంటికీ దొంగా పోలీసు ఆటే ప్రాణం. బిడ్డను పోగొట్టుకున్న ఎరుకల తల్లి కథను మన టీవీవాళ్లు ఎప్పుడు తీస్తారు? తీస్తే మొదటి భాగానికే నేను హాజరు!