లింకిన్ పార్క్ 'వన్ మోర్ లైట్'లో గిటార్లు ఎందుకు తగ్గాయి?

2017 మే 19న లింకిన్ పార్క్ ఏడో స్టూడియో ఆల్బమ్ 'వన్ మోర్ లైట్' వచ్చింది. అప్పుడు నేను బీటెక్‌లో ఉన్నా. పది పాటలూ విని, "ఇదేం పాప్ రా బాబూ" అని డిలీట్ కొట్టేశా.

అసలు ఏం మారింది? అంతకుముందు 2014లో వచ్చిన 'ది హంటింగ్ పార్టీ' అంతా గిటార్ల మోతే. వాళ్లు ఎక్కువగా ముందు మ్యూజిక్ చేసుకుని, తర్వాత మాటలు రాసేవాళ్లు. ఈసారి రివర్స్. ముందు మాటలు, ట్యూన్. ఆ తర్వాతే మ్యూజిక్. పాటలో మాట ముందుకొస్తే గిటార్ వెనక్కి జరగాలి కదా! అందుకే చెస్టర్ బెనింగ్టన్ అరుపులు కూడా దాదాపు ఉండవు. ఫస్ట్ సింగిల్ పేరు మాత్రం 'హెవీ'. బరువు సౌండ్‌లో కాదు, మనసులో.

టైటిల్ సాంగ్ క్యాన్సర్‌తో పోయిన ఒక ఫ్రెండ్ కోసం రాసింది. క్రిస్ కార్నెల్ చనిపోయినప్పుడు చెస్టర్ టీవీ షోలో ఆయన కోసం ఇదే పాడాడు. జులై 20న చెస్టర్ కూడా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మళ్లీ డౌన్‌లోడ్ చేసి విన్నా. ఆయన అరిచినన్నాళ్లూ విన్నాం. మెల్లగా చెప్తే "మారిపోయారు" అన్నాం.

మీ ఫ్రెండ్ ఎవరైనా మెల్లగా ఏదైనా చెప్తుంటే, స్కిప్ కొట్టకండి. ఉంటా మరి.